మాడిన మెంతులు

"మాస్కు బిగించుకోండి. ముందు సున్నం ఘాటు తగులుతుంది, కంగారుపడకండి," అన్నాడు డాక్టర్ పరాంకుశం.

ఇన్‌స్పెక్టర్ ఎస్తేరు రాణి కళ్లు మూసుకుంది. గోడలోకి దిగిన సూది సన్నగా రొద చేసింది. డాక్టరు చెప్పినట్టే సున్నం ముక్కులో గుచ్చుకుంది. ఆ వెనకే ఓ ఆదివారం వచ్చింది.

హాస్టల్ ఆదివారం అది. పెద్ద గంగాళంలో నలిగిన కుంకుడుకాయలు, వేడినీళ్ల ఆవిరి, వరసగా కూచున్న ఆడపిల్లల తడిజుట్టు. వరండా తాళ్ల మీద వానకి ఆరక ముక్కిపోయిన లంగాలు. పరీక్షల ముందు అందరి కణతలకీ రాసిన తలనొప్పి బామ్. వీటన్నిటి కిందా దొంగచాటుగా, మంచం కింద దాచిన కాయిల్ స్టవ్ మీద అడుగంటుతున్న సేమ్యా.

"ఏం తెలుస్తోంది?" అన్నాడు డాక్టరు.

ఎస్తేరు మాస్కు తీసేసింది. గొంతు సవరించుకుని, "కుంకుడుకాయ. ఇంకేం లేదు," అంది.

గదికి అవతలి పక్క ఇంకో మాస్కు పెట్టుకుని కూచున్న ఇన్‌స్పెక్టర్ నూర్జహాన్ కూడా అది తీసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"సున్నం ఘాటు," అంది నూర్జహాన్, ఎవరూ అడగకుండానే.

"సూది మరీ లోతుకి దిగింది. ఇది యుద్ధానికి ముందు పొర," అన్నాడు డాక్టరు మీట సరిచేస్తూ. "ఇప్పుడు పైకి వద్దాం."

జోడురేవు ఒకప్పుడు ఒకటే ఊరు. తుమ్మేరు నది మధ్యలోంచి పారేది కాబట్టి కొందరు తూర్పు గట్టు మీద, కొందరు పడమటి గట్టు మీద ఉండేవాళ్లు, అంతే తేడా. ఇటు పుట్టిన పిల్ల అటు బళ్లో చదివేది. అటు కోసిన కూరలు ఇటు అమ్మేవాళ్లు. నది సన్నబడ్డాక నీళ్ల యుద్ధం వచ్చింది. అది సంధితో ఆగిందని అంటారు. ఆగాక ఒక ఊరు రెండు దేశాలైంది. నదికి ఎగువనున్న ఆనకట్ట తూములు పడమటి వాళ్ల చేతిలో ఉన్నాయి. దిగువ పొలాలన్నీ తూర్పు వాళ్లవి. మగవాళ్లు గీసిన గీత మీదుగా ఆడవాళ్లు రెండు పక్కలా బిందెలు పట్టుకుని నిలబడ్డారు.

నది మధ్యలో మధ్యలంక అని చిన్న దిబ్బ ఉంది. దాని మీద రెండు గట్ల ఆడపిల్లలకీ కలిపి కట్టిన పాత హాస్టల్ ఉంది. ఇప్పుడది సంధి కార్యాలయం. చుట్టూ కెప్టెన్ల కాపలా పడవలు తప్ప ఒక్క వల కనబడదు, నదిలో చేపలు పట్టడం రెండు దేశాల్లోనూ నేరం. పడమటి సైన్యం నుంచి కెప్టెన్ నరహరి, తూర్పు సైన్యం నుంచి కెప్టెన్ వామనమూర్తి అక్కడ కాపలా అధికారులు. ఎదురుపడితే సెల్యూట్లు కొట్టుకోవడం తప్ప మాట్లాడుకోరాదు. శత్రువుతో సహవాసం చేసిన అధికారికి సంధి పత్రంలో జైలు రాసిపెట్టి ఉంది.

ఆ కార్యాలయంలో, తొమ్మిదో గదిలో, పడమటి సంధి పర్యవేక్షకుడు కోదండం తల వెనక దెబ్బ తగిలి చచ్చిపోయి ఉన్నాడు. గదులు తుడిచే మంగతాయి తూర్పు గట్టు పిల్ల. తాళాలు ఆమె దగ్గర ఉంటాయి. సాయంత్రం పడవలో ఇంటికెళ్లిపోయానని మంగతాయి చెప్పింది. ఆమె ఆ పడవ ఎక్కలేదని కెప్టెన్ వామనమూర్తి చెప్పాడు. పిల్ల మాటకీ కెప్టెన్ మాటకీ ఎంత బరువుంటుందో మీకు తెలియనిది కాదు.

పడమటి సర్కారు ఉరి తియ్యడానికి మంగతాయిని అడిగింది. అప్పగిస్తే వేసవి పొడుగునా తూర్పు కాలవకి నీళ్లు వదులుతామంది. ఒక పిల్ల మెడకి ఒక కాలవ నీళ్లు! తూర్పు సర్కారు ఒకసారైనా వద్దనలేదు. కాకపోతే అప్పగించే ముందు రెండు దేశాల ఇన్‌స్పెక్టర్లూ కలిసి విచారించాలని సంధిలో ఉంది. ఆ ఇద్దరికీ పూర్వపరిచయం ఉండకూడదని కూడా ఉంది. ఉంటే విచారణ చెల్లదు.

తూర్పు నుంచి వచ్చిన ఎస్తేరు, పడమటి నుంచి వచ్చిన నూర్జహాన్ ఇద్దరూ పరిచయం లేదని ప్రమాణం చేశారు. మర్నాడు ఉదయం న్యాయమూర్తుల ముందు విచారణ.

"ఈ గదిలో ఏం మిగిలిందని వెతుకుతాం?" అంది నూర్జహాన్, తెల్లగా మెరుస్తున్న గోడలు చూసి. "మేం వచ్చేలోగానే కడిగి సున్నం కొట్టించేశారు."

గుమ్మంలో నిలబడ్డ కెప్టెన్ నరహరి నొచ్చుకున్నాడు. "శవం లేచిన గదండీ. మైల అలాగే ఉంచుకుంటామా? మా ఇంట్లో అయినా అంతే చేస్తాం."

"వేలిముద్రలకి కూడా మైల పట్టిందా?"

"ఆచారం ఆచారమేనండీ," అని అతను వెళ్లిపోయాడు.

డాక్టర్ పరాంకుశం నవ్వాడు. ఆయన రెండు దేశాలవాడూ కాదు. దూర దేశం నుంచి తన యంత్రంతో వచ్చాడు. దానికి ఆయన పెట్టిన పేరు ఓల్ఫాక్టోస్కోప్. జోడురేవులో రెండు గట్ల మీదా జనం పెట్టిన పేరు గోడముక్కు.

"ఆ కెప్టెన్ గారు మనకి మేలు చేశాడమ్మా," అన్నాడు. "సున్నం గోడ గాలిని పీల్చుకుంటుంది. గాలిలో ఉన్న ప్రతి వాసనా కొన్ని అణువులుగా ఆ గోడ కన్నాల్లో ఇరుక్కుంటుంది. మళ్లీ సున్నం కొట్టామనుకోండి, కిందది సీలు పడిపోతుంది. మీ ఊళ్లో ఏటా సున్నం కొడతారు కాబట్టి ఏడాదికొక పొర. నా సూది వెంట్రుకంత మందాన లోపలికి వెళ్లి, లేజర్‌తో పొరపొరనీ వేడి చేస్తుంది. విడుదలైన అణువుల్ని కంప్యూటర్ గుర్తుపడుతుంది, అవే వాసనల్ని కలిపి మాస్కులోకి పంపుతుంది. హత్య జరిగిన మర్నాడే సున్నం కొట్టారు. ఆ రాత్రి గాలి కింద భద్రంగా ఉంది."

సూది పైపొరల్లోకి వచ్చింది. తెర మీద ఫలితం పడింది. మద్యం, రక్తం, బూటు పాలిష్. వాటి కింద పెద్ద అక్షరాలతో: స్త్రీ జాడ, చాలా బలంగా.

డాక్టరు నిట్టూర్చాడు. "పాపం, చిన్నపిల్ల. కానీ యంత్రం అబద్ధమాడదు."

ఎస్తేరు తెర దగ్గరికి వచ్చింది. "స్త్రీ జాడ అంటే ఏమిటండీ? చెమటా?"

"కాదు, సున్నం చెమటని నిలవనివ్వదు. అది ఒక కోవ. పసుపు, ఉల్లి, వెల్లుల్లి, పోపు, ఫినాయిల్, సబ్బునీళ్లు, ఇలాంటివన్నీ అందులోకి వస్తాయి. విడివిడిగా చూపిస్తే గోల కదా, అందుకని కలిపేశాను."

"ఈ కోవ ఎక్కడ తయారుచేశారు?"

"నమూనాలు మా ఇంట్లోనే సేకరించాను."

"మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అంది నూర్జహాన్.

"మా ఆవిడ."

"ఇల్లు తుడిచేది?"

"ఆవిడే. దానికీ సైన్సుకీ ఏమిటమ్మా సంబంధం?"

"మీరే కలిపారు కదండీ సంబంధం. రేపు దాని మీదే ఒక పిల్లకి ఉరి పడబోతోంది."

"యంత్రం అబద్ధమాడదంటున్నాను."

"ఆడదు డాక్టరు గారూ," అంది ఎస్తేరు. "మీరు నేర్పిన పాఠం ఒప్పజెబుతుంది. ఆ కోవ విప్పేయండి. వాసన వెంట వాసన, ఏది ముందు వచ్చిందో, ఏది తర్వాత వచ్చిందో మాకు కావాలి."

"సంత మధ్యలో నిలబడ్డట్టుంటుంది."

"మేం సంతల్లో తిరిగినవాళ్లమే. ఇవ్వండి మాస్కు."

అడుగున ఫినాయిల్. మంగతాయి సాయంత్రం గది తుడిచిన వాసన అది. తర్వాత కాసేపు ఖాళీ గాలి, నది మీద తేమ. ఆ పైన చింతపండు, వెల్లుల్లి, కారం, చేప నీచు, నూనెలో మాడిన మెంతులు. ఆ పైన బ్రాందీ. దానితోపాటు రెండు బూటు పాలిష్‌లు: తూర్పు సైన్యానిది కొబ్బరి మైనం వాసన, పడమటి సైన్యానిది టర్పెంటైన్. అన్నిటికీ పైన తుప్పు ఇనుములా రక్తం. దాని మీద సున్నం.

"ఫినాయిల్ అడుగున. రక్తం పైన. మధ్యలో చేపల పులుసు," అంది నూర్జహాన్.

డాక్టరు తెర మీద వరస మళ్లీ చూసుకుని, మెల్లిగా అన్నాడు. "నా కోవ తప్పే, ఒప్పుకుంటాను. కానీ అమ్మా, న్యాయమూర్తులు ఒక మాట అడుగుతారు. ఆ పులుసు కూడా మంగతాయే వండిందంటే? వంట ఆడదే కదా చేసేది అంటే? పాలిష్‌లంటారా, కెప్టెన్లు అన్ని గదుల్లోకీ వస్తూ పోతూనే ఉంటారు."

ఆయన చెప్పింది నిజం.

ఇన్‌స్పెక్టర్లిద్దరూ వరండాలోకి వచ్చారు. పొద్దు పడమటి గట్టు మీదికి వాలుతోంది. కాపలావాడు దూరంగా మెట్ల మీద ఉన్నాడు. ఎస్తేరు నది వైపు తిరిగి నిలబడింది. నూర్జహాన్ గోడ వైపు తిరిగి నిలబడింది. చూసేవాళ్లకి ఇద్దరు శత్రువులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూడలేక అలా నిలబడ్డట్టుంటుంది.

"ఏమే బొద్దూ," అంది నూర్జహాన్ పెదవులు కదపకుండా. "మాస్కులో ఏడ్చావా?"

"సున్నం."

"ఆ ముక్క ముందు నేనన్నాను. నువ్వు వేరే అబద్ధం వెతుక్కో."

ఎస్తేరు భుజాలు కదిలాయి. ఇన్నేళ్ల తర్వాత ఆ పేరుతో పిలిచే గొంతు. అప్పట్లో ఇద్దరూ ఇదే వరండాలో, ఒకే దుప్పటి కప్పుకుని, వాన చూస్తూ కూచునేవాళ్లు. ఎవరి ఇల్లు ఏ గట్టు మీద ఉందో సెలవులకి పడవ ఎక్కేదాకా ఎవరికీ గుర్తొచ్చేది కాదు. ఆ హాస్టల్లో వార్డెన్‌కి భయపడ్డారు, లెక్కల పరీక్షకి భయపడ్డారు, బల్లికి భయపడ్డారు. ఒకళ్లకొకళ్లు భయపడాలని మాత్రం ఎవరూ నేర్పలేదు.

"బావున్నావా?" అంది ఎస్తేరు.

"మోకాళ్లు తప్ప. నువ్వు?"

"జుట్టు తప్ప. సేమ్యా వాసన వచ్చిందా నీకు?"

"వచ్చింది."

"మాడ్చావు. గదంతా పొగ. వార్డెన్ వచ్చి మనిద్దర్నీ ఎండలో నిలబెట్టింది."

"నేనేం మాడ్చలేదు. ఆ స్టవ్ సెగ తగ్గేది కాదు!"

ఎస్తేరు గిర్రున తిరిగింది. కాపలావాడు తలెత్తి చూశాడు. ఆమె వెంటనే గట్టిగా, "అది మా దేశం అభిప్రాయం కాదు ఇన్‌స్పెక్టర్ గారూ!" అంది. వాడు మళ్లీ తల దించుకున్నాడు.

"చూశావా?" అంది ఎస్తేరు గొంతు తగ్గించి. "ఈ వయసులో కూడా నువ్వు ఒప్పుకోవు. రోజూ వండేది ఏమంటుంది? మాడింది, తినండి అంటుంది. సరదాకి వండేవాళ్లు పొయ్యిని తిడతారు."

నూర్జహాన్ ఆలోచించింది. తర్వాత చాలా మెల్లిగా నవ్వింది. "మగవాళ్లు ఇంకానూ. వారానికోసారి గరిట పట్టుకుంటే వాళ్లని పొగడ్డానికి వీధి మొత్తం రావాలి."

"నదిలో చేప పట్టాలంటే పడవ కావాలి."

"పడవలు ఇద్దరి దగ్గరే ఉన్నాయి," అంది నూర్జహాన్.

మర్నాడు హాస్టల్ భోజనాల గదిలో న్యాయస్థానం పెట్టారు. తూర్పు న్యాయమూర్తి ఒక పక్క, పడమటి న్యాయమూర్తి ఒక పక్క. ఇద్దరూ నెరిసిన తలలవాళ్లే. మంగతాయి బెంచీ చివర ముడుచుకుని కూచుంది. చేతులకి బేడీలున్నాయి. ఏడ్చి ఏడ్చి ఆపేసిన మొహం. కెప్టెన్లిద్దరూ సాక్షుల కుర్చీల్లో, మధ్య ఒక ఖాళీ కుర్చీ వదిలి, ఇస్త్రీ మడతల్లా ఉన్నారు.

"మీ ఇద్దరికీ పూర్వపరిచయం లేదు కదా?" అని పడమటి న్యాయమూర్తి అడిగాడు.

"లేదండీ," అన్నారిద్దరూ ఒక్కసారే, కాస్త ఎక్కువ తొందరగా.

డాక్టరు న్యాయమూర్తులకి మాస్కులు తగిలించాడు. సూది నుంచి పట్టి తెచ్చిన వాసనలు ఒక్కొక్కటే వదిలాడు. ఫినాయిల్ దగ్గర ఇద్దరూ మొహం చిట్లించారు. తర్వాతది రాగానే పడమటి న్యాయమూర్తి కుర్చీలో నిటారుగా అయ్యాడు.

"చేపల పులుసు! తుమ్మేరు చేప! ఎన్నేళ్లయింది ఇది తిని... మా అమ్మ వండేది."

"మా అమ్మా వండేది," అన్నాడు తూర్పు న్యాయమూర్తి. వెంటనే, శత్రుదేశపు న్యాయమూర్తితో ఏకీభవించానని తోచి దగ్గాడు. "అయితే మెంతులు మాడాయి."

"అవునండీ," అంది నూర్జహాన్. "మంగతాయీ, నువ్వు వండావా ఇది?"

"నాకు జావ కాచుకోడానికే తీరికుండదమ్మా," అంది మంగతాయి బొంగురు గొంతుతో. "చేపలెక్కడివి నాకు?"

"అదే నేనూ అనుకున్నాను. ఇది రోజూ వండే చెయ్యి కాదు. చేప సరిగ్గా కడగలేదు, నీచు పోలేదు."

కెప్టెన్ వామనమూర్తి కాలు మీద కాలు మార్చుకున్నాడు.

"పులుపు ఎక్కువైంది," అంది ఎస్తేరు. "ఉప్పు సంగతి దేవుడికెరుక. ఎవరో గరిట పట్టడం రాని మనిషి. పాపం, నోట్లో పెట్టుకోలేక నదిలో పారబోసే ఉంటారు."

"పారబొయ్యడమా?" అన్నాడు వామనమూర్తి.

"మరి తినగలరా ఎవరైనా? మెంతులు అలా బొగ్గు చేశాక?"

"మెంతులు నేను మాడ్చలేదు! ఆ పొయ్యికి మంట తగ్గదు, ఎన్నిసార్లు చెప్పినా బాగు చేయించడు! అయినా గిన్నె అడుగు నాకి మరీ..."

"వామనా!" అన్నాడు కెప్టెన్ నరహరి.

ఒక దేశం కెప్టెన్ ఇంకో దేశం కెప్టెన్‌ని ఆ పేరుతో పిలిచాక న్యాయమూర్తులిద్దరూ మాస్కులు తీసేశారు. డాక్టర్ పరాంకుశం యంత్రం ఆపాడు. ఇక దానితో పని లేదు.

మిగతా కథ నరహరే చెప్పాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బళ్లో చదివారు. సంధి జరిగిన నాటి నుంచీ వారానికోసారి ఏదో ఒక గదిలో చేపలు వండుకుని తినేవాళ్లు. ఆ రాత్రి కోదండం ఊరెళ్లాడనుకుని అతని గది వాడుకున్నారు. అతను తిరిగొచ్చి తలుపు తీశాడు. ఫిర్యాదు చేస్తానని తిరిగేసరికి ఎవరి చేతిలోనో ఇనప పెనం ఉంది. ఎవరి చేతిలోనో మాత్రం ఇద్దరూ చెప్పలేదు. స్నేహం అంటే అదే అనుకున్నారు కాబోలు. పెనం నదిలోకి పోయింది. నేరం మంగతాయి మీదికి పోయింది.

"మాకు ఇంకో దారి లేదండీ," అన్నాడు నరహరి. "ఎంత పాత స్నేహమో మీకు తెలియదు."

"తెలుసు," అంది నూర్జహాన్. "మంగతాయి మెడ అడిగే హక్కు మాత్రం దానికెవరిచ్చారో తెలియదు."

మంగతాయి బేడీలు తీసేశారు. సాక్ష్యం చాలలేదని రాశారు. రెండు సైన్యాల అధికారులూ ఒకే గిన్నెలో తిన్నారని రాస్తే యుద్ధంలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులకి ఏం చెప్పాలో రెండు సర్కార్లకీ తోచలేదు. కెప్టెన్లని తలో దూరపు కోటకీ బదిలీ చేశారు. జీతం, బిళ్లలు, గౌరవం అన్నీ వెంట వెళ్లాయి.

పడమటి వాళ్లు మాత్రం కాలవకి నీళ్లు వదల్లేదు. పిల్లని అప్పగించలేదు కదా. ఆ వేసవి తూర్పు పొలాలు పగుళ్లిచ్చాయి. ఎందుకు ఎండాయంటే జనం కెప్టెన్ల పేరు చెప్పలేదు, వాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. మంగతాయి పేరు చెప్పారు. ఆమె ఏ ఇంటికి పనికెళ్లినా తలుపు మూశారు.

అప్పుడే రెండు సర్కార్లూ యుద్ధం తర్వాత మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చాయి. గోడలు ఇంత గుర్తుపెట్టుకుంటాయని తెలిశాక ఏ అధికారికీ నిద్ర పట్టలేదు. ఎవరెవరు ఎవరి ఇంట ఏం తిన్నారో, ఎవరితో కూచున్నారో గోడముక్కు చెప్పేస్తే దేశాలు ఎలా నిలుస్తాయి? ఉమ్మడి చట్టం చేశారు. రెండు గట్ల మీదా ప్రతి ఇంటి గోడా ఇటుక కనబడేదాకా గీకాలి. వాసన పట్టని ప్లాస్టిక్ పెయింట్ వెయ్యాలి. యంత్రాన్ని పెట్టెలో పెట్టి డాక్టరుతో సహా ఓడ ఎక్కించారు. వెళ్లేముందు ఆయన ఎస్తేరుతో, "కోవ విప్పేసి కొత్త వాసనల పట్టిక రాస్తున్నానమ్మా. మా ఆవిడ సాయం చేస్తోంది," అన్నాడు. "సాయం కాదండీ, ఆవిడే రాస్తోందని చెప్పండి," అంది ఎస్తేరు.

జోడురేవులో జనం కొన్నాళ్లు గోడలకి ముక్కు ఆనించి నిలబడ్డారు. ఉత్త ముక్కుకి ఏం తెలుస్తుంది? ముసలివాళ్లు మాత్రం తెలుస్తోందనే అన్నారు. ఆ తర్వాత గీకేవాళ్లు వచ్చారు. ఊరంతా తెల్లటి దుమ్ము.

మధ్యలంక హాస్టల్ గీకే రోజున పర్యవేక్షణకి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లని వేశారు. ఉత్తర్వు తెచ్చుకోవడానికి ఎవరు ఎవర్ని బతిమాలారో మనకి అనవసరం. తొమ్మిదో గదిలోకి వెళ్లేసరికి, నోటికి గుడ్డ కట్టుకున్న ఒక మనిషి నిచ్చెన మీద నిలబడి గీకుతోంది. గుడ్డ కిందికి లాగి నమస్కారం పెట్టింది. మంగతాయి.

"నువ్వా?" అంది ఎస్తేరు. "ఈ గోడే కదే నిన్ను బతికించింది!"

"బతికించిందమ్మా," అంది మంగతాయి. "బతికాక ఊళ్లో ఎవరూ పని ఇవ్వలేదు. ఇది రెండు సర్కార్ల పని, ఎవరూ ముందుకు రాలేదని నన్ను పిలిచారు."

మళ్లీ గుడ్డ కట్టుకుని గీకడం మొదలుపెట్టింది. ఒక్కో పొర రాలుతోంది. తెలుపు కింద లేత నీలం, నీలం కింద మళ్లీ తెలుపు. ఇద్దరూ అలాగే నిలబడి లోపలికి ఊపిరి పీల్చారు. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నూర్జహాన్‌కి దగ్గు తెర వచ్చింది. ఎస్తేరు ఆమె వీపు నిమరబోయి, కిటికీలోంచి కాపలావాడు చూస్తున్నాడని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మా, మీరు బయట నిలబడండి," అంది మంగతాయి నిచ్చెన మీదనుంచి. "అడుగు పొరకి వచ్చాను. ఇక్కడినుంచి ఇంకా రాలుతుంది."

ఇద్దరూ బయటికి వెళ్లారు. తూర్పు మనిషి తూర్పు గుమ్మంలోంచి, పడమటి మనిషి పడమటి గుమ్మంలోంచి.